నోటీస్ పీరియడ్ ఎంతండీ?

"మీ నోటీస్ పీరియడ్ ఎంత?" అని అడిగింది కంప్యూటరు.

నేను మా పెద్దమ్మాయి వైపు చూశాను. "అంటే ఏమిటే?" అన్నాను నెమ్మదిగా.

"ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం మానాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలీ అనమ్మా" అంది అది.

ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం! 2008 ఆగస్టు నుంచీ చేస్తూనే ఉన్నాను కదా. మానాలంటే ఎవరికి చెప్పాలి? మావారికా? అత్తయ్యగారికా? పొద్దున్నే ఐదున్నరకి బెల్లు కొట్టే పాలబ్బాయికా? పోనీ ఆ గడి ఖాళీగా వదిలేద్దామంటే కింద ఎర్రగీత వచ్చి కూర్చుంటోంది. ముందుకి పోనివ్వదు. చివరికి మా అమ్మాయే '15 రోజులు లేదా అంతకు తక్కువ' అన్నచోట నొక్కేసి, "నీకేం తెలీదు, నేను నింపుతాగా" అంది.

అలా మొదలైంది ముప్పై ఏడేళ్ల వయసులో నా ఉద్యోగాల వేట!

ఇది 2024 జూన్ నాటి మాట. మాది తెనాలి. మావారు పనిచేసే ఎరువుల షాపులో వ్యాపారం తగ్గి, ఆ ఏడాది మార్చి నుంచి జీతం సగమే ఇస్తున్నారు. పెద్దమ్మాయిని ఇంటర్‌లో చేర్పించాం. చిన్నాడు ఏడో తరగతి. అత్తయ్యగారికి నెలనెలా షుగరు మందులు. ఇక లెక్క వేరే చెప్పాలా? ఈ పేజీ చదివే మీకు తెలియనిదేముంది! నెల చివర వచ్చే ఆ పది రోజులు మన వంటింటి డబ్బాలకే తెలుసు.

బీకాం 2007లో పాసయ్యాను. పెళ్లికి ముందు గుంటూరులో ఒక ఆడిటరుగారి ఆఫీసులో పద్నాలుగు నెలలు పనిచేశాను. ఆ తరువాత పెళ్లి, పిల్లలు. మధ్యమధ్య తీరిక చిక్కినప్పుడు కథలు రాసుకున్నాను. కథకి వచ్చే పారితోషికంతో ఇల్లు గడవదని మీకు చెప్పనక్కర్లేదు కదా!

కార్డు పోయి కంప్యూటరు వచ్చె

ఉద్యోగం కోసం పేరు నమోదు చేయించుకోవడం అనగానే నాకు మా పిన్ని గుర్తొస్తుంది. డిగ్రీ అవగానే ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజికి వెళ్లి, క్యూలో నిలబడి, కార్డు తెచ్చుకుంది. మూడేళ్లకోసారి దాన్ని రెన్యువల్ చేయించుకోవాలి. పెళ్లయి, ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా పిన్ని ఆ తారీఖు మర్చిపోయేది కాదు. కార్డుని బీరువాలో పట్టుచీరల మడతల మధ్య దాచేది. ఏ రోజైనా కాల్ లెటరు వస్తుందని. అది రాలేదు. కార్డు మాత్రం ఇప్పటికీ ఉంది.

మా రోజులకి ఆ క్యూ ఫోనులోకి వచ్చేసింది. మన దేశంలో నౌక్రీ సైటు 1997లోనే మొదలైంది. అప్పట్లో ఇంటర్నెట్ ఉన్న ఇళ్లే తక్కువ! తరువాత లింక్డ్‌ఇన్, ఇన్‌డీడ్, షైన్ లాంటివి వచ్చాయి. ఒకప్పటి మాన్‌స్టర్ 2022 నుంచి ఫౌండిట్ అని పేరు మార్చుకుంది. డ్రైవర్లు, సేల్స్ గర్ల్స్, టెలీకాలర్లు, అకౌంటెంట్లు... ఇలాంటి ఉద్యోగాలు ఊళ్లోనే వెతుక్కోవడానికి 'అప్నా' లాంటి యాప్‌లున్నాయి. మధ్యలో ఉద్యోగం మానేసి మళ్లీ చేరాలనుకునే ఆడవాళ్ల కోసమే 2015లో జాబ్స్‌ఫర్‌హర్ అని ఒకటి పెట్టారు. దాన్నిప్పుడు హర్‌కీ అంటున్నారు. అదే ఏడాది కేంద్ర కార్మికశాఖ నేషనల్ కెరీర్ సర్వీస్ అనే పోర్టల్ తెచ్చింది. పిన్ని నిలబడ్డ క్యూకి ఇది కొత్త రూపం అనుకోవచ్చు. ప్రభుత్వానిది, పైసా అక్కర్లేదు.

ఇన్ని ఉన్నాయి కదా, ఇక ఉద్యోగం వారంలో వచ్చేస్తుంది అనుకున్నాను. ఉన్నమాట చెప్పొద్దూ, ఏ చీర కట్టుకుని వెళ్లాలో కూడా ఆలోచించుకున్నాను!

మోగిన ఫోన్లన్నీ మనవి కావు

మొదటి నెలలో పద్దెనిమిది ఉద్యోగాలకి అప్లై చేశాను. 'అప్లై' అన్నచోట నొక్కడం ఎంత తేలికో! కాఫీ కలుపుతూ రెండు, పప్పు ఉడికేలోపు మూడు. ఒక్కదానికీ జవాబు లేదు.

ఫోన్లు మాత్రం వచ్చాయి. ఒకరు ఇన్సూరెన్సు పాలసీలు అమ్మిపెట్టమన్నారు. ఇంకొకరు బెంగళూరులో నైట్ షిఫ్టు అన్నారు. మరొకరు "మేడమ్, మీ ప్రొఫైల్ సెలెక్టయింది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అన్నారు. అసలు ఇంటర్వ్యూ లేకుండా సెలెక్టవడం ఏమిటి? దీన్ని నేనే పసిగట్టి ఫోను పెట్టేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ మురిపెం ఆగస్టు దాకానే!

ఐదు రోజులు, ఐదు వందల ఫారాలు

ఆగస్టు మొదటివారంలో వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. 'మీ రెజ్యూమె చూశాం. ఇంట్లో కూర్చుని డేటా ఎంట్రీ. డబ్బు కట్టనక్కర్లేదు.' ఆ చివరి మాట చూసి నమ్మాను. అడగడం లేదు కదా, ఇక మోసమేముంటుంది?

ఆధార్ కాపీ, ఫోటో, తెల్లకాగితం మీద సంతకం పంపమన్నారు. పంపాను. స్టాంపు పేపరు మీద ఇంగ్లీషులో నాలుగు పేజీల అగ్రిమెంటు వచ్చింది. ఐదు రోజుల్లో ఐదు వందల ఫారాలు టైపు చెయ్యాలి. నూటికి తొంభై వంతులు తప్పుల్లేకుండా ఉంటే పదిహేను వేలు ఇస్తారు. ఫారాలు చూస్తే జిరాక్సుకి జిరాక్సు తీసినట్టు మసకమసగ్గా ఉన్నాయి. 'ఐ'యో 'ఎల్'లో, సున్నానో 'ఓ'నో తెలిసి చావదు. అయినా సరే, పిల్లల్ని స్కూలుకి పంపి ఒక విడత, అందరూ పడుకున్నాక ఒక విడత కూర్చున్నాను. ఐదోరోజు రాత్రి పదకొండింటికి చివరి ఫారం పంపించి, హమ్మయ్య అనుకుని నీళ్లు తాగాను.

మర్నాడు మెయిలు వచ్చింది. నా పనిలో తప్పులు ఎక్కువున్నాయట. ఒప్పందం ఉల్లంఘించానట. ఆ సాయంత్రమే 'లీగల్ నోటీసు' అంటూ ఇంకొకటి. పైన తక్కెడ బొమ్మ, కింద ఎవరో అడ్వొకేటు పేరు. ఇరవై నాలుగు గంటల్లో 5,900 రూపాయలు కట్టకపోతే కేసు పెడతారట, పోలీసులు ఇంటికి వస్తారట. నా ఆధార్, నా సంతకం వాళ్ల దగ్గరే ఉన్నాయి కదా!

నా కాళ్ల కింద నేల కదిలింది. పోలీసులు మా అపార్ట్‌మెంటు మెట్లెక్కడం, పక్క ఫ్లాట్ల తలుపులు తెరుచుకోవడం, అత్తయ్యగారు హాల్లోకి రావడం... అంతా కళ్లకి కట్టింది. మావారితో చెప్పలేదు. సంపాదించి చేతికిద్దామని కూర్చున్నదాన్ని, పోగొట్టానని ఎలా చెప్పను? పెద్దమ్మాయి కాలేజీ బస్సుకని దాచిన డబ్బు తీసి కట్టేశాను.

కట్టాక ఊరుకున్నారా? నాలుగోరోజున మళ్లీ ఫోను. కేసు మూసెయ్యడానికి ఇంకో తొమ్మిది వేల ఎనిమిది వందలట. అప్పుడు ఏడుపొచ్చేసింది. మా పెద్దమ్మాయి వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింది. అది వెళ్లి వాళ్ల నాన్నని తీసుకొచ్చింది.

ఆయన అరుస్తారనుకున్నాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత, "డబ్బు పోతే పోయింది. నాలుగు రాత్రులు నాతో చెప్పకుండా మేలుకున్నావు చూడు..." అని ఆగిపోయారు. ఆ మాటే ఇప్పటికీ నా మనసులో ఉంది.

మర్నాడు మా వీధిలో ఉండే లాయరుగారికి ఆ నోటీసు చూపించాం. "టైపింగులో తప్పులొస్తే పోలీసులు అరెస్టు చేస్తారటమ్మా? నిజమైన ఒప్పందమే అనుకున్నా, దాన్ని తప్పడం సివిల్ వ్యవహారం. భయపెట్టి గుంజడమే వీళ్ల వ్యాపారం. ముందు 1930కి ఫోన్ చెయ్యండి" అన్నారు. చేశాం. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు కూడా ఇచ్చాం. కట్టిన వెంటనే చెప్పి ఉంటే, అవతలి ఖాతాలో ఆ సొమ్ముని ఆపే వీలుండేదట. నేను నాలుగు రోజులు దాచాను. డబ్బు తిరిగి రాలేదు. ఆ నంబర్లన్నీ బ్లాక్ చేశాక ఏ పోలీసూ రాలేదు, ఏ కేసూ రాలేదు.

నాది 5,900తో పోయింది. అదే ఏడాది మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన సంగతి మీరూ పేపర్లో చదివే ఉంటారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్లని కంబోడియా తీసుకెళ్లి, అక్కడ నిర్బంధించి, వాళ్ల చేత సైబర్ మోసాలు చేయించారు. ఆ వార్త నేనూ చదివాను, అయ్యో పాపం అనుకుని పేజీ తిప్పేశాను. అది నాదాకా రాదనుకున్నాను మరి!

అవతలి కుర్చీలోంచి చూస్తే...

రెండు నెలలు ఆ సైట్ల మొహం చూడలేదు. దసరాకి మా ఆడపడుచు కూతురు హైదరాబాదు నుంచి వచ్చింది. అది ఒక కంపెనీలో ఉద్యోగులని ఎంపిక చేసే విభాగంలో పనిచేస్తోంది. నా కథంతా విని, "ఏదీ అత్తా, నీ రెజ్యూమె చూపించు" అంది.

మా పెద్దమ్మాయి ఎంతో ముచ్చటపడి తయారుచేసిన రెజ్యూమె అది. రంగురంగుల అంచు, మూల నా ఫోటో. 'కష్టపడే తత్వం, నిజాయితీ, అందరితో కలిసిపోవడం' అని పొగడ్తలు. వృత్తి అన్నచోట 'గృహిణి'.

"బాగుంది. కానీ దీన్ని మాలాంటివాళ్లు ఎవరూ చూసి ఉండరు" అంది నవ్వుతూ. "ఎందుకని?" అంటే విడమరిచి చెప్పింది. కంపెనీవాళ్లు వేలాది రెజ్యూమెలు చదువుకుంటూ కూర్చోరట. వెతికే పెట్టెలో 'టాలీ, జీఎస్టీ, తెనాలి' అని కొడతారు. ఆ మాటలు ఎవరి వివరాల్లో ఉంటే వాళ్లే పైకి వస్తారు. ఈమధ్య సైటులోకి వచ్చి వివరాలు సరిచూసుకున్నవాళ్లని ముందు చూస్తారు, ఎందుకంటే వాళ్లకి నిజంగా పని కావాలని అర్థం కదా. "నువ్వు కష్టజీవివని తెలిసినా, కష్టజీవి అని ఎవరూ వెతకరత్తా!" అంది.

చెరిగితే పొల్లు పోయి గింజ మిగిలినట్టు, ఆ పిల్ల మాటతో నాకు విషయం తెలిసింది.

"మరి ఈ పదహారేళ్ల ఖాళీ?" అన్నాను. అన్నిటికన్నా నాకు అదే సిగ్గు. సన్నాలు చూపించడానికి ఇష్టపడని పాత ఫోటోలా దాచాలనిపించేది.

"దాచకు. దాస్తే తారీఖులు చూసి మేమే పట్టుకుంటాం. ఇంటి బాధ్యతల వల్ల విరామం అని ఒక్క లైను రాయి. లింక్డ్‌ఇన్‌లో 2022 నుంచి 'కెరీర్ బ్రేక్' అని రాసుకోవడానికి చోటే ఇచ్చారు. ఆ లైను కింద, ఈ పదహారేళ్లలో ఇంటిపని కాక ఏం చేశావో రాయి."

"ఏం చేశాను?" అన్నాను.

"అపార్ట్‌మెంటు లెక్కలు ఎవరు రాస్తున్నారు?" అంది.

నేనే! ఆరేళ్లుగా మా అపార్ట్‌మెంటు సంఘానికి కోశాధికారిని నేనే. ఇరవై నాలుగు ఫ్లాట్లు, నెలకి 1,200 చొప్పున 28,800 రూపాయలు వసూలు. వాచ్‌మన్ జీతం, లిఫ్టు మరమ్మతు, మోటారు కరెంటు బిల్లు, ఏడాదికోసారి మీటింగులో జమాఖర్చులు చదవడం. మూడో అంతస్తువాళ్లు బకాయి పెడితే వాళ్ల మనసు నొప్పించకుండా రాబట్టడం కూడా నా వంతే! ఇది పని అని నాకే తోచలేదు. ఎవరో చెయ్యాలి కదా అని చేస్తున్నాను.

ఇంకొకటి కూడా తేలింది. కథలన్నీ నేనే కంప్యూటర్లో తెలుగులో టైపు చేసి పత్రికలకి పంపుతాను. దాన్ని 'తెలుగు టైపింగ్, ప్రూఫ్ దిద్దడం' అని రాయించింది. రాయించి, "ఇదంతా నిజమేనా?" అని అడిగింది. "అక్షరాలా" అన్నాను. "అయితే ఎవరేమడిగినా తడబడవు" అంది.

లోటు కూడా అదే చూపించింది. నేను ఆఫీసులో పనిచేసిన రోజుల్లో వ్యాట్. 2017 జులై 1 నుంచి జీఎస్టీ వచ్చింది. ఆ పాత చదువుతో ఇప్పుడు నడవదు. అందుకని బోసు రోడ్డు దగ్గర ఒక ఇన్‌స్టిట్యూట్‌లో నలభై ఐదు రోజులు, రోజుకి గంటన్నర, టాలీ, జీఎస్టీ నేర్చుకున్నాను. ఫీజు 3,500. ఈసారి మావారితో చెప్పి, ఆయన చేతే కట్టించాను. క్లాసులో అందరూ మా పెద్దమ్మాయి కన్నా నాలుగైదేళ్లు పెద్దవాళ్లు. మొదటిరోజు "మేడమ్, మీరు కొత్తగా వచ్చిన సారుగారి భార్యా?" అని అడిగారు!

ముప్పావు గంట రైలు, పది నిమిషాల నడక

డిసెంబరులో మళ్లీ సైటు తెరిచాను. ఈసారి నొక్కుడు తగ్గించాను. వారానికి ఐదారింటికి మించి అప్లై చేసేదాన్ని కాదు. 'మూడు రోజుల్లోపు వచ్చిన ప్రకటనలు' అని ఒక జల్లెడ ఉంటుంది. అది పెట్టుకుంటే పాచిపోయినవన్నీ రాలిపోతాయి. ఊరు అన్నచోట తెనాలి, గుంటూరు, విజయవాడ. ప్రతి ప్రకటనా చివరిదాకా చదివి, దానికి తగ్గట్టు రెజ్యూమెలో ఒకటి రెండు లైన్లు ముందుకి జరిపేదాన్ని. సోమవారం సోమవారం వివరాలు ఒకసారి తెరిచి సరిచూసేదాన్ని. శనివారం నూనె రాసుకున్నట్టు అదీ ఒక అలవాటైపోయింది.

నోటుబుక్కులో గీతలు గీసి రాసుకున్నాను: తేదీ, కంపెనీ, ఏ సైటు, ఎవరు మాట్లాడారు, ఏమన్నారు. ముందు కంపెనీ జీఎస్టీ నంబరు అడిగి తెలుసుకునేదాన్ని. పదిహేను అక్షరాలుంటాయి. జీఎస్టీ వెబ్‌సైటులో కొడితే ఆ నంబరు ఎవరిదో, ఇంకా నడుస్తోందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు. మొదటి రెండంకెలు రాష్ట్రానివి. మనకి 37, తెలంగాణకి 36. మోసపోయిన భయంతో నేర్చుకున్న ఈ విద్య ఎక్కడ అక్కరకొచ్చిందో చెబుతాను, ఉండండి.

మొదటి ఇంటర్వ్యూ విజయవాడలో. జీతం పద్దెనిమిది వేలు. కానీ పొద్దున్న తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది. రైల్లో ముప్పావు గంట, అటూ ఇటూ ఆటోలు. ఇంటికి వచ్చేసరికి పది. అత్తయ్యగారి మందులు, చిన్నాడి చదువు ఎవరు చూస్తారు? రెండు రోజులు ఆలోచించి వద్దనుకున్నాను. ఆ రెండు రోజులూ కంటికి కునుకు లేదు. పద్దెనిమిది వేలు కాదనుకునే స్థితిలో ఉన్నామా మేము?

జనవరి చివర తెనాలిలోనే ఒక మందుల ఏజెన్సీ ప్రకటన కనబడింది. అకౌంట్స్ అసిస్టెంటు, పది నుంచి ఐదున్నర. మా ఇంటికి పది నిమిషాల నడక! రోజూ కూరలకి వెళ్లే దారిలోనే ఉంది ఆ ఏజెన్సీ. వాళ్లకి మనిషి కావాలని నాకు తెలీదు, నాకు పని కావాలని వాళ్లకి తెలీదు. నాలుగు వీధుల అవతలి కబురు సైటు చెబితే తెలిసింది.

యజమాని పెద్దాయన. రెజ్యూమె చూసి, కళ్లజోడు పైనుంచి నన్ను చూసి, "పదహారేళ్లు ఖాళీగా ఉన్నారు కదమ్మా, ఇప్పుడు చెయ్యగలరా?" అన్నారు.

ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. అయినా గుండె దడదడలాడింది. "ఖాళీగా లేనండీ. ఇరవై నాలుగిళ్ల లెక్కలు రాశాను. పని ఇచ్చి చూడండి" అన్నాను.

ఆయన ఒక బిల్లుల కట్ట, కంప్యూటరు చూపించారు. "ఇవి ఎక్కించినవే. సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి" అన్నారు. ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. ఒకచోట వేలు ఆగింది. సరుకు పంపిన కంపెనీ జీఎస్టీ నంబరు 36తో మొదలైంది. అంటే తెలంగాణ నుంచి వచ్చింది. రాష్ట్రం దాటి వచ్చిన సరుకు కాబట్టి ఐజీఎస్టీ కింద రాయాలి. బిల్లులోనూ అలాగే ఉంది. కంప్యూటర్లోకి ఎక్కించినవాళ్లు మాత్రం ఊళ్లో కొన్నట్టు సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని రెండు ముక్కలు చేసేశారు. ఆయనకి చూపించాను. కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చూశారు.

"ఎప్పటినుంచి రాగలరు?" అన్నారు.

జీతం పదమూడు వేలు. విజయవాడ జీతం కన్నా ఐదు వేలు తక్కువే. మా అవసరాలన్నీ తీరలేదు. కానీ పెద్దమ్మాయి బస్సు ఫీజు, అత్తయ్యగారి మందులు ఇప్పుడు ఎవరినీ అడగకుండా వెళ్తున్నాయి.

మీరూ వెతుకుతుంటే...

• సైట్లలో పేరు నమోదుకి డబ్బు అక్కర్లేదు. ప్రకటనలు వేసే కంపెనీల దగ్గర్నుంచే వాళ్లకి ఆదాయం వస్తుంది. డబ్బు కట్టి తీసుకునే అదనపు సేవలు ఉంటాయి, అవి లేకపోయినా అప్లై చెయ్యొచ్చు. ఉద్యోగం ఇస్తామంటూ రిజిస్ట్రేషన్, డిపాజిట్, యూనిఫాం, ట్రైనింగ్... ఏ పేరుతో డబ్బు అడిగినా ఫోను పెట్టెయ్యండి.

• ముందు డబ్బు అడగనివాళ్లందరూ మంచివాళ్లు కారు. నన్ను ముంచినవాళ్లు పని అయ్యాకే అడిగారు. వీడియోలకి లైకులు కొడితే డబ్బిస్తామనేవాళ్లు ముందు నూటయాభయ్యో రెండొందలో నిజంగానే ఇస్తారు. ఆ తరువాతే గాలం.

• ఉద్యోగాల కోసం వేరే మెయిల్ ఐడీ పెట్టుకోండి. రెజ్యూమెలో ఆధార్, పాన్, బ్యాంకు వివరాలు, ఇంటి పూర్తి చిరునామా వద్దు. ఊరి పేరు చాలు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.

• కంపెనీ పేరుని కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో, జీఎస్టీ నంబరుని జీఎస్టీ సైటులో వెతకండి. పేరు బాగానే ఉన్నా, ఆ పేరు వాడుకునే దొంగలుంటారు. కంపెనీ సొంత వెబ్‌సైటులో ఉన్న నంబరుకి మీరే ఫోన్ చేసి కనుక్కోండి.

• ఇంటర్వ్యూ ఆఫీసులో, పగటిపూట అయితేనే వెళ్లండి. ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో చెప్పండి. పదిమంది, అంతకు మించి పనిచేసేచోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. చేరేటప్పుడు అది ఉందా అని అడగడానికి మొహమాటపడకండి.

• విదేశంలో ఉద్యోగమంటే, ఆ ఏజెంటు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్‌లో నమోదయ్యాడో లేదో చూడండి. టూరిస్టు వీసా మీద వెళ్లి చేరమంటే అక్కడే ఆగిపోండి.

• మోసపోతే ఆ నిమిషంలోనే 1930కి ఫోన్ చెయ్యండి. ఆ తరువాత ఇంట్లో చెప్పండి. తిడతారని భయపడి నాలా నాలుగు రోజులు దాచకండి.

ఇంట్లో ఇచ్చిన నోటీసు

ఎప్పటినుంచి రాగలరని పెద్దాయన అడిగినప్పుడు, "పదిహేను రోజులు కావాలండీ" అన్నాను. మా అమ్మాయి నొక్కిన గడి ఊరికే పోలేదన్నమాట!

ఆ సాయంత్రం అందరినీ హాల్లో కూర్చోబెట్టి చెప్పాను. ఆ పదిహేను రోజుల్లో మావారు పాల లెక్క, ఇస్త్రీ బట్టల లెక్క నేర్చుకున్నారు. చిన్నాడు కుక్కరు మూడు కూతలకి కట్టెయ్యడం నేర్చుకున్నాడు. పెద్దమ్మాయి బట్టలు ఆరేసే పని తీసుకుంది. మొదట్లో అన్నం రెండుసార్లు చిమిడింది, ఒకసారి మాడింది. అత్తయ్యగారు ఏమీ అనలేదు. ఫిబ్రవరిలో చేరాల్సిన రోజు పొద్దున్న, తన మందుల పెట్టె తనే ముందేసుకుని, ఏ పూటకి ఏదో నాకు అప్పజెప్పారు. "సరిగ్గా చెప్పానా? ఇక నువ్వెళ్లు, ఆలస్యమవుతుంది" అన్నారు.

మొన్న సైటు తెరిచి వివరాలు సరిచేశాను. ఉద్యోగం ఉంది కదా ఇంకెందుకూ అంటారా? సోమవారం అలవాటు పోలేదు మరి! అదే గడి మళ్లీ వచ్చింది. నోటీస్ పీరియడ్ ఎంత?

ఈసారి మా అమ్మాయిని పిలవలేదు. అపాయింట్‌మెంట్ లెటరు తీసి చూసి, 'ఒక నెల' అన్నచోట నేనే నొక్కాను.